వెయిస్ట్ ట్రైనర్ బిగించి వ్యాయామం: తగ్గేది నడుమా, ఊపిరా?

వ్యాయామం కోసమైతే వెయిస్ట్ ట్రైనర్ కొనకండి. బరువులెత్తేవాళ్లు కట్టే తోలు బెల్ట్ సంగతి వేరు, నడుము నొప్పికి డాక్టరు రాసిచ్చే ఎల్‌ఎస్ బెల్ట్ సంగతి వేరు. పొట్ట తగ్గుతుందని నడుముకు బిగించుకుని ట్రెడ్‌మిల్ ఎక్కే సాగుడు బెల్ట్ గురించే ఈ మాట. ఆన్‌లైన్ రివ్యూల్లో దీనికి అయిదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు చెమట నిజంగానే ధారగా కారింది. టేపు పెట్టి చూస్తే నడుము నిజంగానే అంగుళం తక్కువ వచ్చింది. ఆ రెండిటికీ కొవ్వుతో సంబంధం లేదు, అసలు చిక్కంతా అక్కడే.

ఈ పేరు మీద అమ్ముతున్నవన్నీ ఒకటే వస్తువు కాదు. మూడు నాలుగు వందల నుంచి దొరికేది స్వెట్ బెల్ట్, కొందరు స్లిమ్ బెల్ట్ అంటారు. నియోప్రీన్ అనే రబ్బరు లాంటి పదార్థంతో చేసిన, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ, చివర వెల్‌క్రో. దీని పని చెమట పట్టించడం. టీవీలో టెలిషాపింగ్ రోజుల్లో కరెంటుతో వేడెక్కే సౌనా బెల్ట్ అని అమ్మినదానికి ఇది దగ్గరి చుట్టం. అసలు వెయిస్ట్ ట్రైనర్ అంటే లోపల నూలు గుడ్డ, పైన లేటెక్స్, నిలువుగా స్టీలు లేదా ప్లాస్టిక్ బద్దలు, ముందు రెండు మూడు వరుసల హుక్కులు. రొమ్ముల కింద నుంచి తుంటి దాకా పట్టేస్తుంది. దీని పని నొక్కడం. ఇప్పుడు రెండూ కలిపేసి, బద్దలున్న నియోప్రీన్‌కు జిప్పు కుట్టి, పైన రెండు వెల్‌క్రో పట్టీలు వేసి అమ్ముతున్నారు. జిమ్ముల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే.

చెమట లెక్క ముందు తేల్చుకుందాం. చెమటంటే నీళ్లు, కాస్త ఉప్పు. లీటరు చెమట పోతే తూకంలో కిలో తగ్గుతుంది, లీటరు నీళ్లు తాగితే ఆ కిలో తిరిగొస్తుంది. చెమట చర్మం మీద ఆవిరైనప్పుడే ఒంటి వేడి బయటికి పోతుంది. నియోప్రీన్ కింద ఆవిరయ్యే దారి లేదు కాబట్టి చెమట అక్కడే నిలిచి, కారి, గుడ్డలో ఇంకుతుంది. చల్లబడక శరీరం ఇంకా చెమట పోస్తుంది. బెల్ట్ విప్పినప్పుడు పిండితే కారే నీళ్లు చూసి కొవ్వు కరిగిందనుకోవడం సహజమే. కానీ కొవ్వు వెళ్లే దారి అది కాదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోంచి బయటికి పోతాయి, మిగిలిన 1.6 కిలోలు నీరవుతాయి. అంటే కొవ్వులో ఎక్కువ భాగం పోయేది ఊపిరి దారినే. ఈ బెల్ట్ బిగించేది సరిగ్గా ఆ ఊపిరినే.

స్మార్ట్‌వాచ్ పెట్టుకునేవాళ్లు ఇంకో చోట మోసపోతారు. బెల్ట్ కట్టుకున్న రోజు వాచీ ఎక్కువ కేలరీలు చూపిస్తుంది. వేడి పెరిగి, ఒంట్లో నీరు తగ్గితే అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆ అదనపు దడ ఎక్కువ పని వల్ల వచ్చిందా, ఉక్క వల్ల వచ్చిందా అన్నది వాచీకి తెలియదు. అందుకే కేలరీలు పెంచి రాస్తుంది. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 300 కేలరీలు, బెల్ట్ ఉన్నా లేకున్నా అంతే. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. నడుము దగ్గర చర్మం వేడెక్కినంత మాత్రాన ఈ లెక్క మారదు.

పొట్ట దగ్గర పని చేయిస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరుగుతుందన్న నమ్మకం దీనికంటే పాతది. 2011లో ఒక అమెరికన్ అధ్యయనం 24 మందితో దీన్ని పరీక్షించింది. ఒక జట్టు చేత ఆరు వారాలు, వారానికి అయిదు రోజులు, ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. పొట్ట కండరాలకు ఓర్పు పెరిగింది, పొట్ట మీద కొవ్వు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కొవ్వు కణంలోంచి విడుదలయ్యే ఇంధనం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఏ చోటి నిల్వ ముందు వాడాలన్నది హార్మోన్లూ, వంశపారంపర్యమూ తేలుస్తాయి, పైన కట్టిన పట్టీ కాదు. ఇక విప్పిన వెంటనే నడుము సన్నగా కనిపించడమంటారా, దిండుకు మధ్యలో తాడు బిగిస్తే సన్నబడినట్టే, లోపలి దూది అంతే ఉంటుంది. విప్పగానే ఒకసారి, కొన్ని గంటలు ఆగి మామూలుగా తిని తాగాక ఇంకోసారి టేపు పెట్టి చూడండి.

ఇప్పుడు ఊపిరి. బడి పుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్న కండరం, అదే డయాఫ్రమ్, గాలి పీల్చినప్పుడు కిందికి దిగుతుంది. అది దిగాలంటే పొట్ట ముందుకు రావాలి, కింది పక్కటెముకలు పక్కలకు విప్పారాలి. వెయిస్ట్ ట్రైనర్ పట్టుకునేది ఈ రెండు చోట్లే. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి చాలు కాబట్టి ఇబ్బంది తెలియదు. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఆ అవసరం పది రెట్లు పెరుగుతుంది. పొట్ట కదలకపోతే ఛాతీ పైభాగంతో చిన్న చిన్న ఊపిర్లు తీస్తారు, మెడ, భుజాలు బిగుసుకుంటాయి, వేగం తగ్గించక తప్పదు. వేగం తగ్గితే ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. దేనికోసం కొన్నారో దానికే అడ్డం. ఎంత అడ్డమో తెలుసుకోవడానికి పరికరాలక్కర్లేదు. చురుగ్గా నడుస్తూ ఆగకుండా ఒక పెద్ద వాక్యం చెప్పండి. బెల్ట్ లేనప్పుడు వచ్చిన వాక్యం బెల్ట్‌తో మధ్యలో తెగితే అది మరీ బిగువు.

పొట్ట మీద ఒత్తిడి పైకీ తోస్తుంది, కిందికీ తోస్తుంది. పైకి తోస్తే కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. నడుం బెల్ట్ కట్టి చూస్తే, గ్యాస్ సమస్య లేని ఆరోగ్యవంతుల్లో కూడా ఇలా జరిగిందని గ్లాస్గో పరిశోధకులు 2014లో చూపించారు. టిఫిన్ తిని గంటైనా కాకముందే బెల్ట్ బిగించి, వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే క్రంచెస్ చేస్తే పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట వచ్చేది ఇందుకే. కిందికి తోస్తే ఆ భారం గర్భసంచినీ, మూత్రాశయాన్నీ మోసే కటి కండరాల మీద పడుతుంది. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడే స్త్రీలు, హెర్నియా ఉన్నవాళ్లు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు దీని జోలికి అసలు పోకూడదు.

వ్యాయామం వారీగా చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. పరుగులో, జంపింగ్ జాక్స్‌లో పట్టీ పైకి జారుతుంది. ఒంట్లో సన్నని చోటికి చేరడమే దాని నైజం. స్క్వాట్‌లో కిందికి కూర్చునేసరికి కింది అంచు తొడలకు తగిలి పైకి చుట్టుకుపోతుంది, పై అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. సూర్యనమస్కారాల్లో పాదహస్తాసనానికి వంగితే బద్దలు వంగవు, అందుకని నడుము వంగాల్సిన చోట వీపు పైభాగం గూనిలా వంగుతుంది. భుజంగాసనంలో హుక్కులు పొట్టలో దిగుతాయి. మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు కర్రలా నిలిపే ప్లాంక్‌లో మాత్రం హాయిగా ఉన్నట్టు అనిపిస్తుంది, బయటి నుంచి ఆసరా దొరుకుతుంది కదా. కానీ ఆ బిగువు లోపలి నుంచి తెచ్చుకోవడం నేర్చుకోవడానికే ప్లాంక్ చేసేది.

బరువులెత్తేవాళ్ల బెల్ట్‌తో దీన్ని పోల్చి సమర్థించే జిమ్ కోచ్‌లున్నారు. రెండిటి పనీ ఎదురెదురు. పవర్‌లిఫ్టింగ్ అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం ఆ బెల్ట్ వెడల్పు 10 సెంటీమీటర్లకు, మందం 13 మిల్లీమీటర్లకు మించకూడదు. తోలుది, సాగదు. లిఫ్టర్ పొట్టనిండా గాలి పీల్చి, పొట్టను ఆ బెల్ట్ మీదికి బయటికి తోసి, ఆ ఒత్తిడితో వెన్నును నిలబెట్టుకుంటాడు. భారీ సెట్ అవగానే వదులు చేస్తాడు. వెయిస్ట్ ట్రైనర్ పొట్టను లోపలికి నొక్కుతుంది, పీల్చడానికే చోటుండదు. స్క్వాట్‌లో, నేల మీంచి బరువు లేపే డెడ్‌లిఫ్ట్‌లో మీ ఒంటి బరువును మించి ఎత్తుతుంటే తోలు బెల్ట్ ఆలోచించండి. అక్కడ వెల్‌క్రో పట్టీని నమ్ముకోవద్దు, బరువు మీదున్నప్పుడే ఊడిపోవచ్చు.

ఎండాకాలం మాట గట్టిగా చెప్పాలి. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు తగ్గే తొందరలో చనిపోయారు. ముగ్గురూ గాలి ఆడని సూట్లు వేసుకుని వేడిలో తీవ్రంగా వ్యాయామం చేస్తూ, నీళ్లు మానుకున్నవాళ్లే. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడా సంఘం ఆ సూట్లను నిషేధించింది. నడుము పట్టీ ఒళ్లంతా కప్పే సూటంత ప్రమాదం కాదు, నిజమే. కానీ మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని జిమ్‌లో, పొద్దున్నుంచి సరిగా నీళ్లు తాగకుండా, చెమట ఎక్కువ పట్టాలని కావాలనే ఫ్యాన్ కట్టేసి చేసేవాళ్లున్నారు. తల తిరగడం, వికారం, వేడిలోనూ చలి పుట్టడం మొదలైతే వెంటనే బెల్ట్ విప్పేసి నీడకు చేరాలి, చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి ఫ్యాన్ కింద ఉంచాలి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా 108కి ఫోన్ చేయడంలో ఆలస్యం వద్దు.

చర్మం బాధ ప్రాణాంతకం కాదు కానీ ఎక్కువమందిని ఏడిపించేది అదే. తడి, వేడి, రాపిడి మూడూ ఒకేచోట చేరితే ముందు చెమటకాయలు, తర్వాత తామర. ఒకరి బెల్ట్ ఇంకొకరు కట్టుకుంటే తామర అంటుకుంటుంది. దురద వచ్చిందని మెడికల్ షాపులో ఏదో ఒక ట్యూబు అడిగి రాసుకోవద్దు. స్టీరాయిడ్ కలిసిన క్రీములు నాలుగు రోజులు దురద ఆపి, తామరను మొండిదాన్ని చేస్తాయి. కొందరికి లేటెక్స్ పడదు. నియోప్రీన్ తయారీలో వాడే థయోయూరియా జాతి రసాయనాలు పడనివాళ్లకు బెల్ట్ ఆనినంత మేర ఎర్రటి దద్దు లేస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే వాడిన ప్రతిసారీ సబ్బునీళ్లతో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. ఎండకు లేటెక్స్ పెళుసెక్కి పగులుతుంది.

బాలింతలకు ఒక మాట విడిగా. నడుముకు పాత నూలు చీర చుట్టి కట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. సిజేరియన్ తర్వాత ఆసుపత్రుల్లో అబ్డామినల్ బెల్ట్ ఇస్తారు, లేచి నడిచేటప్పుడు కుట్ల దగ్గర నొప్పి తగ్గడానికి అది పనికొస్తుంది. ఆ రెండిటినీ చూపించి బద్దల ట్రైనర్ అంటగడితే ఒప్పుకోకండి. కాన్పు తర్వాత కటి కండరాలు అసలే సాగి ఉంటాయి. పొట్ట కండరాలు మధ్యలో విడిపోయాయేమో చూసుకోవాలంటే వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కాస్త పైకెత్తి, బొడ్డు పైనా కిందా వేళ్లతో నొక్కండి. రెండు వేళ్లకు మించి సందు ఉంటే ఫిజియోథెరపిస్టును కలవండి. క్రంచెస్ అప్పటిదాకా ఆపండి.

పెళ్లికో ఫంక్షనుకో చీర కుదురుగా నిలవడానికి రెండు మూడు గంటలు కట్టుకుంటానంటే అభ్యంతరం లేదు, దానికి అది పనికొస్తుంది. బొడ్డు దగ్గర కొలిచి, ఆ కంపెనీ చార్టు చూసి కొనండి. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోండి. కట్టుకున్నాక అంచు కింద రెండు వేళ్లు దూరాలి, కూర్చుని నిండా గాలి పీల్చగలగాలి. బద్దల చివర్లు గుడ్డలోంచి పొడుచుకొస్తున్నాయేమో, హుక్కుల దగ్గర కుట్లు ఎలా ఉన్నాయో తడిమి చూడండి. ముందుగా తెగేవి ఆ రెండు చోట్లే. లోదుస్తుల విభాగంలో పెట్టినవాటిని చాలా సైట్లు వెనక్కి తీసుకోవు, ఆర్డరు పెట్టకముందే ఆ షరతు చదవండి. ఏడు రోజుల్లో ఇన్ని అంగుళాలు అని రాసి అమ్మితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

పట్టీ ఇస్తానన్న బిగువు ఒంట్లోనే ఉంది. పొట్ట చుట్టూ అడ్డంగా చుట్టుకున్న లోపలి కండరం పని అదే. దానికి డెడ్‌బగ్ మంచి వ్యాయామం. వెల్లకిలా పడుకుని చేతులు నిటారుగా పైకి, మోకాళ్లు లంబంగా మడిచి గాల్లో పెట్టండి. నడుము నేలకు అదిమి ఉంచండి. ఊపిరి వదులుతూ కుడి చెయ్యి తల వెనక్కి, ఎడమ కాలు ముందుకు చాచి, నేలకు బెత్తెడు ఎత్తులో ఆపి వెనక్కి తెండి. ఒక్కో పక్కకు 8 చొప్పున మూడు విడతలు. నడుము నేల నుంచి లేస్తోందంటే కాలు మరీ దించుతున్నారన్నమాట, ఎత్తులోనే ఆపండి. వారానికి మూడు రోజులు ఇది, వారం మొత్తం మీద 150 నిమిషాల చురుకైన నడక, పళ్లెంలో అన్నం కాస్త తగ్గించి పప్పో గుడ్డో పెంచడం, ఇవన్నీ కలిస్తేనే నడుము కొలత కదులుతుంది.

ఆ కొలత రెండు వారాలకొకసారి, పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా చూడాలి. మన దేశస్థులకు మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని లెక్క. అంతకు మించి ఉంటే బెల్ట్‌కు పెట్టే డబ్బుతో ముందు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి.