అయిదుగురం, 150 లీటర్ల నీళ్ళు, ఎనిమిది రోజుల ఎడారి

మార్చి వచ్చిందంటే మల్కాజిగిరిలో మా అపార్టుమెంటు ముందు ట్యాంకర్లు మొదలవుతాయి. 2024లో ఆ గోల తప్పించుకుని అమెరికాలో, కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తే, వాడు మమ్మల్ని తీసుకెళ్ళి ఏకంగా ఎడారిలో పెట్టాడు. 22 అడుగుల క్యాంపింగ్ ట్రెయిలర్ అద్దెకు తీసుకుని, పికప్ ట్రక్కుకు తగిలించి, జాషువా ట్రీ, డెత్ వ్యాలీ, వ్యాలీ ఆఫ్ ఫైర్, జయాన్ పార్కులు చూసి రావాలని వాడి ప్లాను. నేను, మావారు, అబ్బాయి, కోడలు, ఏడేళ్ళ మనవడు బయల్దేరాం.

ట్రెయిలర్ అంటే చక్రాల మీద సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. స్టవ్వు, ఫ్రిజ్జు, బాత్‌రూమ్ అన్నీ ఉంటాయి. ఆ సంసారమంతా మూడు ట్యాంకుల మీద నడుస్తుంది. ఒక దాంట్లో మంచినీళ్ళు ఉంటాయి. గిన్నెలు కడిగినవీ స్నానానివీ గ్రే ట్యాంకులోకి, టాయిలెట్టుది బ్లాక్ ట్యాంకులోకి వెళ్తాయి. మా మంచినీళ్ళ ట్యాంకు 40 గాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. అయిదుగురికి రెండు రోజులు రావాలి. అబ్బాయి, కోడలు ఈ లెక్క చూసి టెన్షన్ పడ్డారు. నాకు నవ్వొచ్చింది. మంజీరా నల్లా రోజు విడిచి రోజు వచ్చిన కాలంలో ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. ట్రెయిలర్ నీళ్ళ పెత్తనం ఆ రోజే నా చేతికొచ్చింది.

మొదటి రెండు రాత్రులు జాషువా ట్రీలో, జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాం. అక్కడ కరెంటు లేదు, నల్లా లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. నీళ్ళన్నీ ఊళ్ళోంచి నింపుకునే రావాలి. మేం చేరేసరికి చీకటి పడింది. ట్రెయిలర్‌ను వెనక్కి తీసి రెండు బండరాళ్ళ మధ్య మాకిచ్చిన జాగాలో, అంటే మా సైట్లో, పెట్టాలి. ట్రక్కు స్టీరింగు కుడికి తిప్పితే ట్రెయిలర్ ఎడమకు పోతుంది. అబ్బాయి ముప్పావు గంట ముందుకీ వెనక్కీ ఊగాడు, పక్క సైటు వాళ్ళు కుర్చీలు వేసుకుని చూస్తున్నారు. చివరికి మావారు కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఒరేయ్, స్టీరింగు కింది భాగం పట్టుకో. ట్రాలీ ఎటు పోవాలో చెయ్యి అటే జరుపు" అన్నారు. చిన్నప్పుడు ఊళ్ళో ట్రాక్టరు ట్రాలీ రివర్సు చేసిన అనుభవం ఆయనది. రెండో ప్రయత్నానికే బండి సైట్లో కూర్చుంది. ఆ యాత్రలో మళ్ళీ ఆయన మాటకు ఎదురు లేకుండా పోయింది, అది వేరే బాధ.

తెల్లారి తలుపు తీసి చూస్తే మన హైదరాబాదు ఖాజాగూడలో లేచినట్టు అనిపించింది. అవే గుండ్రటి రాళ్ళు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. రెండు చోట్లా ఉన్నది గ్రానైటు జాతే. నేల కింద ఉండగానే పగుళ్ళలోకి నీరు దిగి అంచులు అరిగిపోతాయి, తర్వాత పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు బయటపడతాయి. వయసులో మనవే పెద్దవి, దాదాపు 250 కోట్ల ఏళ్ళవి. కానీ వాళ్ళ రాళ్ళకు 1936లోనే రక్షణ వచ్చింది. మినర్వా హోయ్ట్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి వెంటపడితే అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జాషువా ట్రీని జాతీయ స్మారకంగా ప్రకటించాడు, 1994లో నేషనల్ పార్క్ అయింది. మనవాటిని డ్రిల్లు పెట్టి పేల్చి టవర్లు కట్టుకున్నాం. మనవడు ఆ రాళ్ళెక్కి దిగుతుంటే నాకు ఇదే తలపు.

వంట సంగతి చెప్పాలి. జనరేటర్ ఎప్పుడు పడితే అప్పుడు వెయ్యనివ్వరు. పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7, అంతే. నేను మిక్సీ పట్టుకెళ్ళాను. ఏడు కొట్టగానే కొబ్బరి పచ్చడి తిప్పడం, తొమ్మిదిలోపు ఫోన్లు చార్జింగు, అచ్చం మన పవర్ కట్ రోజులే. గిన్నెలు ముందు టిష్యూతో తుడిచి, తర్వాత చెంబెడు నీళ్ళతో కడిగించాను. స్నానాలు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, తలస్నానం బంద్. మూడో రోజు పొద్దున మీటరులో ఇంకా మూడో వంతు నీళ్ళున్నాయి. రాత్రిళ్ళు మాత్రం చలి, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని నక్షత్రాలు చూశాం. పాలపుంతను నేను ఆఖరుసారి చూసింది పెళ్ళికి ముందు, మా అమ్మమ్మ ఊళ్ళో డాబా మీద. నన్నడిగితే ఈ యాత్రలో మొదటి మార్కు ఏ సౌకర్యమూ లేని జంబో రాక్స్‌కే.

డెత్ వ్యాలీలో ఫర్నెస్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ ఇచ్చే సైట్లు 18 మాత్రమే ఉన్నాయి. అబ్బాయి నెలల ముందే ఆన్‌లైన్లో ఒకటి పట్టాడు. సౌకర్యం బాగుంది, కాని నీడ తక్కువ, పార్కింగ్ లాటులో కాపురం పెట్టినట్టు ఉంటుంది. పెట్రోలు అక్కడ బాగా ఖరీదు, ముందే నింపుకుని వెళ్ళండి. ప్రపంచంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత, 56.7 డిగ్రీలు, 1913 జులైలో ఇక్కడిదే. మార్చిలో మాత్రం మన హైదరాబాదు ఫిబ్రవరిలా హాయిగా ఉంది.

అక్కడే ఉన్న బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు నేల సముద్ర మట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటుంది. పక్క కొండ మీద ఎక్కడో ఎత్తున చిన్న బోర్డు, సముద్ర మట్టం అక్కడ అని. మెడ వెనక్కి విరిచి చూడాలి. 2023 ఆగస్టులో హిలరీ తుపాను శేషం కురిసి ఆ ఉప్పు నేలంతా చెరువైంది. మేం వెళ్ళేసరికి మడమలు మునిగేటన్ని నీళ్ళు మిగిలాయి. చెప్పులు విడిచి నడిచాం. అరికాళ్ళకు పట్టిన ఉప్పు కడగడానికి మనవడు నన్ను పర్మిషన్ అడిగాడు, ఎన్ని చెంబులు అని.

ఆ సాయంత్రమే దెబ్బ తిన్నాం. ట్రెయిలర్ పక్కన పరిచే గుడ్డ పందిరిని మూయకుండా ఇసుక దిబ్బలు చూడ్డానికి వెళ్ళాం. గాలి లేచి ఒక చేయి విరిగి వేలాడుతోంది. తప్పు మాదే. కానీ బండి ఇచ్చినప్పుడు ఆ పందిరి గురించి అద్దె కంపెనీ వాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. నీళ్ళ పంపు కూడా మొదటి రోజు నుంచీ గురగురలాడుతూనే ఉంది. బండి తీసుకునేటప్పుడు పంపు, హీటరు, ఫ్రిజ్జు వేయించి చూసి, అన్నీ వీడియో తీసి పెట్టుకోండి.

వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో ఒక్క రాత్రే ఉన్నాం. ఎర్రరాళ్ళు, ఇనుప మెట్లెక్కి చూసే పాతకాలపు రాతి బొమ్మలు, అన్నిటికీ మించి వేడి నీళ్ళ స్నానాల గదులు. ఆ రోజు రెండు నిమిషాల రూలు ఎత్తేశాను. ఇది నెవాడా రాష్ట్రానిది కాబట్టి నేషనల్ పార్కులకు ఏడాది పాటు పనికొచ్చే 80 డాలర్ల పాసు ఇక్కడ చెల్లదు. అన్నట్టు, 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకు ఆ పాసు 250 డాలర్లు చేశారు. పాసు లేకుండా జయాన్ లాంటి 11 పార్కులకు వెళ్తే వాళ్ళలో 16 ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఇంకో 100 డాలర్లు.

జయాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్. సైట్లో కరెంటు ఉంది, నీళ్ళు మాత్రం ఉమ్మడి నల్లా నుంచి తెచ్చుకోవాలి. లోపల ఉచిత బస్సులు బాగా నడుస్తాయి, మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాళ్ళకు అది వరం. చివరి స్టాపు దగ్గర ఏటి వెంబడి చదునైన దారిలో మైలు దూరం నడిచాను. ఆ ఎత్తైన ఎర్ర గోడల మధ్య నిలబడితే మాట పడిపోతుంది. జనం మాత్రం ఎగ్జిబిషన్‌లో లాగే. తూర్పున 1930 నాటి సొరంగం ఉంది, 1.1 మైలు. పెద్ద బండ్లకు అక్కడ ఆంక్షలుంటాయి, అందుకే ట్రెయిలర్ సైట్లోనే వదిలి ట్రక్కులో వెళ్ళాం.

బ్లాక్ ట్యాంకు ఖాళీ చేయడం అబ్బాయి వంతు. గొట్టం తగిలించి, ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి, సబ్బు నీళ్ళతో గొట్టం కడుక్కుపోయేలా. మొదటిసారి వాడు తిరగేసి చేశాడు. వివరాలు వద్దు.

మళ్ళీ వెళ్తే రెండే పార్కులు, చెరి నాలుగు రాత్రులు పెట్టుకుంటాను. నాలుగు చోట్లంటే కొండి తగిలించడం, విప్పడంతోనే సగం పొద్దు పోయింది. ట్రక్కు కూడా గాలనుకు పది మైళ్ళకు మించి ఇవ్వలేదు. ఆ లెక్కన చూస్తే హోటళ్ళకంటే పెద్దగా ఆదా ఏమీ లేదని కోడలు తేల్చింది. పందిరికి డిపాజిట్‌లోంచి కోత పడింది. ట్యాంకులో మిగిలిన నాలుగు గాలన్ల నీళ్ళు పారబోసి బండి అప్పగించమన్నారు. పారబోయబుద్ధి కాక బకెట్లో పట్టించి అబ్బాయి ఇంటి కరివేపాకు మొక్కకు పోశాను.