అనంతపురం పాతూరులోని టూ-స్ట్రోక్ షెడ్డు: తక్కువ ఖర్చుతో పాత బండిని బాగుచేయించుకోవాలనుకునే వారికి

పాత మోటార్ సైకిల్‌ను పరిమితమైన డబ్బుతో మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వారికి అనంతపురంలో నేను ధైర్యంగా చెప్పగలిగిన చోటు పాతూరు సందుల్లో, బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు. ఆ వీధిలో ఎవరిని అడిగినా "టూ-స్ట్రోక్ భాయ్ షెడ్డా?" అని దారి చూపిస్తారు. మా మామయ్య ఎన్నో ఏళ్లు నడిపి, ఆ తర్వాత తోట దగ్గర కొట్టంలో నిలిపేసిన 1992 నాటి యమహా ఆర్ఎక్స్ 100ను ఇక్కడే బాగుచేయించాను. ఖర్చు 30,000 రూపాయలు దాటకూడదని హద్దు పెట్టుకున్నాను. లెక్క 32,000 దగ్గర ఆగింది. ఈ పనిలో డబ్బు ఎక్కువగా కరిగిపోయేది అవసరం లేని చోటే కాబట్టి, ఆ మొత్తానికి ఏమేమి చేశారో, వేటిని చేయకుండా వదిలేశారో వివరంగా రాస్తున్నాను.

ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. 98 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను (పెట్రోల్‌తో పాటు ఆయిలును కూడా కాల్చే పాత రకం), 11 హార్స్ పవర్, వంద కిలోలకు అటూ ఇటూ బరువు. ఆ బరువుకు ఆ శక్తి తోడవడం వల్లనే ఆ బండి పరుగును నేటికీ జనం తలచుకుంటారు, ధరలు కూడా అందుకే పెరిగాయి. బెంగళూరులో ఒకచోట విచారిస్తే బండిని చూడకుండానే లక్ష దాకా చెప్పారు. అందులో ఇంజనుకు ఎంత, క్రోమ్‌కు, పెయింటుకు ఎంత అని అడిగితే విడివిడిగా చెప్పలేదు. పాతూరు షెడ్డులో మొదటి రోజు ధర అనే మాటే రాలేదు. "ముందు కొలత చూద్దాం సార్, ఖర్చు దాన్ని బట్టి ఉంటాది" అన్నారు షెడ్డు మెకానిక్ భాయ్.

ఆ కొలత తీసే పద్ధతే ఈ షెడ్డు గొప్పతనం. సిలిండర్ విప్పాక పిస్టన్ తల మీద పేరుకున్న మసిని గీకి చూపించారు, కింద 25 అనే ముద్ర కనిపించింది. అంటే ఇదివరకే ఒకసారి బోరు చేయించి (అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి వెడల్పు చేయించి) 0.25 మిల్లీమీటర్ల పెద్ద పిస్టన్ వేశారన్నమాట. ఈ బండి బోరు అసలు కొలత 50 మిల్లీమీటర్లు. ఆ పైన 0.25, 0.50, 0.75, 1.00 అని నాలుగు మెట్లు ఉంటాయి, ఒక్కో మెట్టు ఎక్కే కొద్దీ సిలిండర్‌కు మిగిలిన ఆయుష్షు తగ్గుతుంది. భాయ్ బోర్ గేజ్‌ను సిలిండర్‌లో పైన, నడుమ, కింద పెట్టి, ప్రతి చోటా పిస్టన్ పిన్ దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి చూసి, ఆ అంకెలన్నింటినీ ఒక అట్టముక్క మీద సుద్దతో రాశారు. అరుగుదల 0.50 సైజుతో సరిపోతుందని తేలింది. చాలాచోట్ల చేతికి దొరికిన పిస్టన్‌ను బట్టి 0.75కో 1.00కో బోరు కోసేస్తారు. దానివల్ల ఆ పూటకు బండి బాగానే నడిచినా, తర్వాతిసారి సిలిండర్‌కు కొత్త స్లీవ్ (లోపలి గొట్టం) వేయించడమో, వేరే సిలిండర్ వెతకడమో తప్పదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలుసుకున్నాను. పిస్టన్ చేతికి వచ్చేదాకా భాయ్ సిలిండర్‌ను లేత్ షాపుకు పంపలేదు. ఒకే సైజు అని పెట్టె మీద రాసి ఉన్నా పిస్టన్‌కూ పిస్టన్‌కూ కొద్దిపాటి తేడా ఉంటుంది గనుక, చేతిలో ఉన్న పిస్టన్‌ను కొలిచి దానికి తగిన సందు వదిలి బోరు చేసి హోనింగ్ (లోపలి గోడను రాతితో సన్నగా రుద్దడం) వేయాలి. సిలిండర్ తిరిగి వచ్చాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచుల మీద వేలిగోరుతో గీసి చూసి, గోరు పట్టుకున్న ప్రతిచోటా సన్నటి ఆకురాయితో మెల్లగా గుండ్రం చేశారు. టూ-స్ట్రోక్ సిలిండర్‌లో రింగులు ఆ రంధ్రాల మీదుగానే పైకీ కిందికీ తిరుగుతాయి. అంచు పదునుగా ఉంటే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. నేను అక్కడ లేకపోయినా ఆయన ఆ పని అంతే శ్రద్ధగా చేసేవారని, పక్కనే ఆరబెట్టిన మరో రెండు సిలిండర్లను చూశాక నమ్మకం కుదిరింది.

క్రాంక్ (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) విషయంలో నాకు డబ్బు మిగిలింది. దాన్ని పిస్టన్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువుగా లాగి, నెట్టి చూశారు, ఆట లేదు. పక్కలకు కొద్దిగా కదిలింది, అది ఉండవలసిందే. రాడ్ కిట్ మార్చాలంటే క్రాంక్‌ను ప్రెస్ కింద పెట్టి పిన్ను తీయాలి, మళ్లీ కూర్చి వంకర లేకుండా డయల్ గేజ్‌తో సరిచూడాలి. సామానుకూ కూలికీ కలిపి వేలల్లో అవుతుంది. అది అక్కర్లేదన్నారు. కానీ కొన్ని వందల రూపాయల ఆయిల్ సీళ్ల దగ్గర మాత్రం రాజీ పడలేదు. ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండిలో క్రాంక్ రెండు కొసల్లో ఉండే ఈ రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి. మాగ్నెట్ వైపు సీలు పోతే ఇంజను అక్కడినుంచి గాలి పీల్చుకుంటుంది, ఆ గాలితో పాటు పెట్రోలు గానీ ఆయిలు గానీ రాదు కాబట్టి మిశ్రమం పలచబడి వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి చేరి తెల్లపొగ వస్తుంది, గేరు బాక్సులో ఆయిలు తగ్గిపోతూ ఉంటుంది. "కొత్త బోరు చేయించి సీళ్లు పాతవే పెడితే, ఆ దుడ్డంతా మళ్లా పెట్టాల సార్" అన్నారు. నిలిచిపోయిన టూ-స్ట్రోక్ బండి ఉన్న ప్రతి ఒక్కరూ ఈ మాటను గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇంజనుకు 2టి ఆయిలును (టూ-స్ట్రోక్ ఆయిలును) దానంతట అదే అందించే ఆటోల్యూబ్ పంపు సంగతి కూడా అంతే. చాలాకాలం ఎండిపోయిన పంపు గొట్టంలో గాలి చేరి ఉంటుంది, అది పూర్తిగా పోయేదాకా ఇంజనుకు 2టి ఆయిలు అందదు. భాయ్ పంపు స్క్రూ వదులు చేసి బుడగలన్నీ పోయేదాకా ఆయిలు కార్చారు, అయినా మొదటి ట్యాంకు పెట్రోల్‌లో విడిగా కూడా 2టి కలిపించారు. ఆ ట్యాంకు అయిపోయేదాకా పొగ ఎక్కువగానే వచ్చింది. కొత్త పిస్టన్ మీద నాకున్న ప్రేమకు ఆ పొగ పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

మన జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే ఉంటుంది. దానివల్ల కోస్తా బండ్లతో పోలిస్తే ఇక్కడి బండ్లకు ఛాసిస్, మడ్‌గార్డులు తుప్పుపట్టి తినేయడం తక్కువ. మా బండి ఛాసిస్‌కు వెల్డింగ్ అవసరమే పడలేదు. మన ఎండ దెబ్బ కొట్టేది రబ్బరునూ వైరింగునూ. కార్బురేటర్ మూతి రబ్బరు పగుళ్లిచ్చింది, పెట్రోల్ పైపు ముట్టుకుంటే విరిగింది, టైర్ల పక్కలు బీటలు వారాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి; పాత బండి కొనేటప్పుడు టైరు మీద గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆ అంకెలు చూడకుండా నమ్మకూడదు. ముందు 2.50-18, వెనక 2.75-18 కొత్త టైర్లు, ట్యూబులు కలిపి 4,000 అయింది. బ్రేక్ షూలకు కొత్త లైనర్ అతికించారు, కేబుళ్లు, హ్యాండిల్ తిరిగే చోటి కోన్ సెట్, చైన్ స్ప్రాకెట్ మార్చారు, వీటన్నిటికీ 5,000. ఇంజను సామాన్లు, లేత్ పని కలిపి 9,000, కూలి 7,000. మిగిలిన దాంట్లో 6,000 పెయింటుకు, వెయ్యి చిల్లర ఖర్చులకు పోయింది.

ట్యాంకును కాపాడిన తీరు చెప్పుకోదగ్గది. సగం పెట్రోల్‌తో వదిలేయడం వల్ల లోపలి పైభాగమంతా ఎర్రగా తుప్పు పట్టింది. బజారులో దొరికే కొత్త ట్యాంకు రేకు పలచన, ధర వేలల్లో. భాయ్ పాత ట్యాంకులో సబ్బునీళ్లు, గుప్పెడు నట్లు, తెగిన చైను ముక్క వేసి, గోనెపట్టలో చుట్టి షెడ్డు కుర్రాళ్లిద్దరి చేత అటూ ఇటూ ఊపించారు. కడిగిన తర్వాత రాత్రంతా వెనిగర్ నింపి ఉంచి, పొద్దున వంటసోడా నీళ్లతో ఆ పులుపును విరిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టారు. ఆరిన వెంటనే 2టి కలిపిన పెట్రోల్‌తో లోపలంతా తడిపారు, లేకపోతే శుభ్రమైన ఇనుము మీద గంటల్లోనే మళ్లీ తుప్పు లేస్తుంది. ఇదంతా కొన్ని వందల ఖర్చు. ఇప్పటివరకు పెట్రోల్ ఫిల్టర్‌లో ఎర్రటి పొడి రాలేదు.

విడిభాగాలు ఎక్కువగా బెంగళూరు జేసీ రోడ్డు నుంచి ఆర్టీసీ పార్సిల్‌లో తెప్పిస్తారు. దుకాణం బిల్లును ఉన్నదున్నట్టు చేతిలో పెడతారు, తీసేసిన పాత భాగాలను సంచిలో కట్టి ఇస్తారు. ఏ ఏ భాగాలకు తర్వాతి ఆర్ఎక్స్‌జీ, ఆర్ఎక్స్ 135 సామాన్లు సరిపోతాయో ఆయనకు నోటికి వచ్చు, దానివల్ల కొన్నిచోట్ల ఖర్చు తగ్గింది. సైలెన్సర్ బఫిల్ (శబ్దాన్ని తగ్గించే లోపలి గొట్టం) తీసేసి శబ్దం పెంచమని వచ్చే కుర్రవాళ్లకు మాత్రం ఆ పని చేయరు. బఫిల్‌ను బయటికి తీసి, పట్టిన కార్బన్‌ను కాల్చి గీకి, తిరిగి లోపల బిగిస్తారు.

ఇక లోపాలు. వైరింగ్ పని ఈ షెడ్డు స్థాయికి తగినట్టు లేదు. ఎండకు పగిలిన తీగలను మార్చకుండా టేపు చుట్టి వదిలేయడంతో బ్రేక్ లైటు ఒకసారి వెలిగితే ఒకసారి వెలగలేదు, చివరికి వేరే ఎలక్ట్రీషియన్ చేత హార్నెస్ (తీగల కట్ట) మొత్తం మార్పించవలసి వచ్చింది. ఆ డబ్బు పై లెక్కలో లేదు. పెయింటును బయటికి పంపిస్తారు, అక్కడ దుమ్ము పట్టకుండా కొట్టే గది లేదు; సైడ్ కవర్ల మీద చేత్తో తడిమితే నలుసులు తగులుతాయి, ఎరుపు కూడా అసలు రంగు కంటే ఒక పాలు ముదురుగా వచ్చింది. రిమ్ములకు చవక క్రోమ్ పూత వద్దని, అది ఏడాదిలోపే పొరలుగా లేస్తుందని చెప్పి, సన్నటి స్టీల్ ఊల్‌తో (ఉక్కు పీచుతో) రుద్ది మెరిపించారు. మెరుపు వచ్చింది, తుప్పు తిన్న చిన్న గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. అన్నిటికంటే ఓపిక పరీక్షించేది గడువు. చెప్పిన తేదీకి బండి ఇవ్వరు, ఫోను తరచుగా ఎత్తరు. నేరుగా వెళ్లి నిలబడితేనే పని కదులుతుంది. ప్రదర్శనలో పెట్టే బండి కావాలనుకునేవారు, ఊరికి దూరంగా ఉండేవారు ఇక్కడికి రావద్దనే చెబుతాను. ఉదయం ఒక తన్నుకు స్టార్టయి, పెన్నహోబిలం దాకా వెళ్లి నిశ్చింతగా తిరిగి వచ్చే బండి కావాలంటే, నాకు తెలిసినంతలో ఈ డబ్బుకు ఇంతకంటే మంచి ఇంజను పని దొరకదు.

కాగితాల విషయంలో భాయ్ చాలా కచ్చితం. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని ఆర్టీఏ కార్యాలయంలో చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ద్విచక్ర వాహనాలకు ఈ రుసుము 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది, 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో 2,000 చేశారు. ఆలస్యానికి అపరాధ రుసుము అదనం. ఇంజను నంబరు క్రాంక్ కేసు (క్రాంక్ ఉండే ఇంజను కింది పెట్టె) మీదే ఉంటుంది కాబట్టి కేసు పగిలినా ఆయన వేరే బండి కేసు వేయరు, అతికించడం కుదురుతుందేమో చూస్తారు. ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీది వాటితో సరిపోకపోతే బండిని లోపలికే రానివ్వరు. అందువల్ల మొదటిసారి వెళ్లేటప్పుడే ఆర్‌సీ అసలు ప్రతిని, బండి వేరొకరి పేరు మీద ఉంటే వారి అంగీకార పత్రాన్ని తీసుకెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది, సాయంత్రం నుంచి మళ్లీ తెరుస్తారు.