ఏడేళ్లుగా తొక్కుతున్న రైలు కట్ట: వర్జీనియాలోని డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్

ఆష్‌బర్న్‌లో ఇల్లు కొన్న మొదటి వేసవిలో, పాత రైలు కట్ట మీద సైకిళ్లకూ నడకకూ వేసిన ఈ దారిలో లీస్‌బర్గ్ దాటి పడమరకు తొక్కుతుంటే సైకిల్ బరువెక్కిపోయింది. దారి చూస్తే బల్లపరుపుగా ఉంది. టైరులో గాలి తగ్గిందేమోనని దిగి నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. బ్రేకు రుద్దుకుంటోందేమోనని వెనక చక్రం ఎత్తి తిప్పాను, చక్కగా తిరిగింది. ఇక మిగిలింది నా పొట్టే అనుకుని మళ్లీ ఎక్కాను. అసలు సంగతి తిరిగి వచ్చేటప్పుడు తెలిసింది. అదే చోట మైళ్ల కొద్దీ తొక్కకుండానే బండి జారుకుంటూ వచ్చేసింది.

రెండేళ్ల తర్వాత నాన్న వచ్చారు. కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. పేయోనియన్ స్ప్రింగ్స్ దాకా కారులో తీసుకెళ్లి, క్లార్క్స్ గ్యాప్ దగ్గరి రాతి కమాను వైపు నడిపించాను. పది అడుగులు వేశారో లేదో, "ఒరేయ్, ఇది రోడ్డు ఎత్తు కాదు, గూడ్సు బండి ఎత్తు. మైళ్ల కొద్దీ మెల్లగా ఎక్కుతుంది. కంటికి కనపడదు, ఇంజనుకే తెలుస్తుంది" అన్నారు. కమాను కింద రాళ్ల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. ఈ ట్రెయిల్ మొత్తంలో ఎత్తయిన చోటు అదే.

ఇది వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ రైల్వే లైను. 1860లోనే లీస్‌బర్గ్ దాకా రైలు నడిచింది. 1951లో ప్రయాణికుల బండ్లు, 1968లో మొత్తం లైనూ ఆగిపోయాయి. 1974లో ఫాల్స్ చర్చ్‌లో చిన్న ముక్కతో ట్రెయిల్ మొదలై 1988కి పర్సెల్‌విల్ చేరింది. ఇప్పుడు షర్లింగ్టన్ నుంచి అక్కడిదాకా 45 మైళ్లు, అంతా తారు రోడ్డే. నాది మామూలు హైబ్రిడ్ సైకిల్, ఖరీదైన బండి అక్కర్లేదు.

లీస్‌బర్గ్ నుంచి పర్సెల్‌విల్ ముక్క నాకు ప్రాణం. రెండు పక్కలా చెట్లు కమ్ముకుని ఉంటాయి. చివర పాత స్టేషన్ ఇంకా ఉంది. మా ఆష్‌బర్న్, స్టెర్లింగ్ వైపు మాత్రం నెత్తిన హైటెన్షన్ కరెంటు తీగలు, కింద నీడ తక్కువ. జూలైలో పదింటి తర్వాత బయల్దేరితే మన రాయలసీమ ఎండ గుర్తొస్తుంది. వియన్నా, హెర్న్‌డన్‌లలో పాత ఎర్ర రైలు పెట్టెలు నిలబెట్టారు, పిల్లలకు సరదా.

నాకు విసుగు తెప్పించేవి రోడ్డు క్రాసింగులు. ఒకప్పుడు రైలొస్తే గేటు వేసి కార్లు ఆపేవాళ్లు, ఇప్పుడు ఆగాల్సింది మనం. వేగం అందుకున్నాననుకునేలోపు మరో స్టాప్ బోర్డు వస్తుంది. కొత్త వంతెనలు కొన్ని పడ్డాయి, పెద్ద రోడ్ల దగ్గర అవే దిక్కు. ఒక అక్టోబరులో క్రాసింగు ముందు తడి ఆకుల మీద బ్రేకు వేసి జారిపడ్డాను. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి. తప్పు నాదే, అయినా ఆకులంటే అప్పటి నుంచీ టెన్షనే.

శని, ఆదివారాల్లో పొద్దున తొమ్మిది దాటితే జనం. రేసు సైకిళ్ల వాళ్లు గుంపుగా దూసుకొస్తారు, స్ట్రోలర్లు, కుక్కల తాళ్లు అడ్డం. గంట కొట్టకుండా పక్కనుంచి వెళ్లేవాళ్ల మీద నాకు పీకల దాకా కోపం. ఫాల్స్ చర్చ్‌లో నడిచేవాళ్లకు వేరే దారి వేశారు. ఆ ఏర్పాటు మాకూ రావాలి.

ఆష్‌బర్న్ నుంచి పర్సెల్‌విల్ వెళ్లి వస్తే సుమారు 34 మైళ్లు. పిల్లలతో ఒకేసారి పెట్టుకోకండి, హెర్న్‌డన్ వైపు చాలు. పెద్దవాళ్లు వెళ్తే నీళ్ల సీసాలు రెండు తీసుకెళ్లండి. క్లార్క్స్ గ్యాప్ నుంచి హాయిగా జారుకుంటూ వచ్చి పనైపోయిందనుకుంటారు. గూస్ క్రీక్ వంతెన దాటగానే ఇంటివైపు మళ్లీ గూడ్సు బండి ఎత్తు మొదలవుతుంది. రెండో సీసా దానికోసం దాచుకోండి.