దేవరకొండ వైపు ఒక అంగన్‌వాడీ కేంద్రం: సేవలు ఎలా ఉన్నాయి, టీచర్లు చెబుతున్న లెక్క ఏమిటి

నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లోని మా పల్లెలో ఉన్న అంగన్‌వాడీ కేంద్రాన్ని, మా కోడలు గర్భవతిగా పేరు నమోదు చేయించుకున్న నాటి నుంచి మనవరాలు అక్కడ అక్షరాలు దిద్దే వయసుకు వచ్చేదాకా మా కుటుంబం వాడుకుంటూనే ఉంది. కొత్తగా కాపురానికి వచ్చినవారూ, పట్నం నుంచి ఊరికి తిరిగి వచ్చినవారూ ఈ కేంద్రం ఎలా ఉంటుందని తరచుగా అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. తిండి విషయంలోనూ, పిల్లల ఎదుగుదలను కనిపెట్టి ఉండడంలోనూ ఈ కేంద్రం చాలా మంచిది. చదువు విషయంలో సగమే నెరవేరుతోంది. గది మాత్రం చిన్నపిల్లలు ఉండదగినట్లుగా లేదు.

తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకూ బాలింతలకూ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, దానితోపాటు 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు ఇస్తారు. మా కేంద్రంలో ఆయా వండే పప్పు, ఆకుకూర రుచిగానే ఉంటాయి. అన్నం మెత్తబడకుండా, గుడ్డు చితకకుండా జాగ్రత్తగా వడ్డిస్తుంది. అందరి ఎదుట కూర్చుని తినడానికి మా కోడలు మొదట్లో మొహమాటపడినా, ఇంట్లో అయితే తన వాటా గుడ్డు అత్తమామల పళ్లెంలోకో ఆడబిడ్డ పళ్లెంలోకో వెళ్లిపోతుందని టీచర్ నచ్చజెప్పిన తరువాత రోజూ వెళ్లింది. అక్కడే తినాలన్న నియమంలోని అసలు మేలు అదే. ఏడు నెలలు నిండిన పిల్లలకు మూడేళ్ల వరకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పోషకాహార పొడి) పొట్లం, 16 గుడ్లు ఇంటికి ఇస్తారు. బాలామృతం కాస్త తియ్యగా ఉంటుంది, అయినా పిల్లలు ఇష్టంగా తింటారు.

ఈ పాలు, గుడ్లు మా ప్రాంతానికి మిగతా చోట్లకంటే ఎక్కువ అవసరం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోరునీటిలోని ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో నల్లగొండ జిల్లాలో తెలియనివారు లేరు. ఒంట్లో కాల్షియం తక్కువగా ఉన్న పిల్లలమీద ఫ్లోరైడ్ దెబ్బ మరింత గట్టిగా పడుతుందని వైద్యులు ఎంతోకాలంగా చెబుతున్నారు. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది గానీ, గర్భిణికి రోజూ పాలు అందాలన్న అవసరం మారలేదు. తండాల నుంచి, పాలమూరు పల్లెల నుంచి పనులకు వలస వెళ్లేవారు పిల్లలను ముసలివాళ్ల దగ్గర విడిచిపెడతారు. ఆ పిల్లలకు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కడుపు నింపి, కాపు కాసే చోటు అంగన్‌వాడీ ఒక్కటే.

బరువు తూచడం, జబ్బకొలత చూడడం, టీకాల రోజున ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ వెళ్లి తల్లులను పిలుచుకురావడం మా టీచర్ ఎప్పుడూ తప్పించలేదు. మనవరాలి బరువు రెండు నెలలపాటు పెరగకుండా ఆగిపోయినప్పుడు ఆ సంగతి మాకంటే ముందు ఆమే గమనించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపింది. ఇందుకు ఆమెకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

చదువు దగ్గరకు వచ్చేసరికి నిరాశ కలుగుతుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటలతో, పాటలతో పూర్వ ప్రాథమిక విద్య నేర్పించాలి. టీచర్‌కు ఆ నేర్పు ఉంది, లేనిది సమయం. రిజిస్టర్లు రాయాలి, 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి, ఇంటికి ఇచ్చే సరుకుల కోసం తల్లుల ముఖాలను ఫోన్‌లో గుర్తింపజేయాలి, సర్వేలకు వెళ్లాలి, ఓటర్ల జాబితా పని కూడా చూడాలి. సిగ్నల్ అందని రోజున ఆమె ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడితే పిల్లలు ఆయా చుట్టూ మూగుతారు, ఆయా అదే సమయంలో పొయ్యి దగ్గర ఉంటుంది. కేంద్రం అద్దె గదిలో నడుస్తోంది. వంటకూ పిల్లల నిద్రకూ అదే గది. మరుగుదొడ్డి ఉన్నా నీటి వసతి లేదు.

ఈ లోపాలను టీచర్ దగ్గర ప్రస్తావిస్తే ఆమె చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. “గుడ్డు చిన్నగొచ్చిందని నన్ను అడుగుతరు సార్, దానికి పైసలు ఎంతొస్తయో ఎవ్వలూ అడగరు” అంది. అప్పటి నుంచి ఆ లెక్కలు తెలుసుకునే ప్రయత్నం చేశాను. అంగన్‌వాడీలు నడిచేది 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద. అందులో పోషకాహార ఖర్చును కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం చెరిసగం భరిస్తాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లవాడికి రోజుకు 8 రూపాయలు, గర్భిణికి 9 రూపాయల 50 పైసలు అన్న ప్రమాణం 2017లో నిర్ణయించినది. ఆ తరువాత పప్పు, నూనె, గుడ్డు ధరలు ఎంత పెరిగాయో సంతకు వెళ్లే ప్రతివారికీ తెలుసు. వ్యయ ప్రమాణాలను పెంచుతామని 2025-26 బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి ప్రకటించడమే పాత లెక్క చాలడం లేదనడానికి నిదర్శనం. ఇన్నాళ్లూ తెలంగాణలో పాలు, గుడ్లు ఆగకపోవడానికి కారణం రాష్ట్రం అదనంగా భరించడం.

కోతల చరిత్ర ఇంకా పాతది. 2015-16 కేంద్ర బడ్జెట్‌లో ఈ పథకానికి కేటాయింపు అంతకుముందు ఏడాది ఉన్న 18 వేల కోట్ల పైచిలుకు నుంచి సుమారు 8,300 కోట్లకు పడిపోయింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది కాబట్టి మిగిలినది రాష్ట్రాలే చూసుకోవాలన్నది అప్పటి వాదన. అప్పటి మహిళా, శిశు సంక్షేమ మంత్రి మేనకా గాంధీయే ఆ కోత పోషకాహార కార్యక్రమాన్ని దెబ్బతీస్తోందని బహిరంగంగా అన్నారు. తరువాతి అనుబంధ కేటాయింపులతో కొంత భర్తీ అయింది గానీ, మొత్తం మళ్లీ రాలేదు. వేతనాల సంగతీ అంతే. తెలంగాణలో టీచర్‌కు నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800 రూపాయలు ఇస్తున్నారు. టీచర్‌కు కేంద్ర ప్రభుత్వం లెక్కగట్టే గౌరవ వేతనం 2018లో నిర్ణయించిన 4,500 రూపాయలే. అందులో కేంద్ర ప్రభుత్వ వాటా అరవై శాతం, అంటే 2,700 రూపాయలు. రోజంతా పనిచేసే మనిషికి జీతం అనకుండా గౌరవ వేతనం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

2023 సెప్టెంబరులో రాష్ట్రమంతటా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగినప్పుడు మా కేంద్రానికి కూడా తాళం పడింది. మనవరాలికి గుడ్లు ఆగాయి, పక్కింటి బాలింతకు పాలు ఆగాయి. ఊళ్లో కొందరు టీచర్‌ను తిట్టారు. వారి కోపం అర్థం చేసుకోదగినదే, కానీ దానితో నేను ఏకీభవించను. సమ్మె డిమాండ్లలో నెలకు 26 వేల రూపాయల కనీస వేతనం, గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం) ముఖ్యమైనవి. గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీ కార్యకర్తలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు ఇచ్చింది. కోర్టు తమకు ఉందన్న హక్కును అడగడానికి వారు రోడ్డెక్కవలసి రావడం బాధాకరం. పైగా ఆ ధర్నాలలో గ్యాస్ బిల్లు, గది అద్దె సమయానికి రావాలన్న మాట కూడా ఉంది. ఆ డబ్బు ఆలస్యమైతే టీచర్ తన చేతి డబ్బు పెట్టి వంట సాగిస్తుంది, లేదా కిరాణా కొట్టులో ఖాతా పెడుతుంది. మాకు అందిన మంచి సేవలో కొంత భాగం ఆమె జేబులోంచి వచ్చిందని తెలిశాక, ఈ కేంద్రానికి ఇచ్చిన మంచి మార్కులను ప్రభుత్వ ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

ఈ వైపు ఉండేవారు కేంద్రాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. గర్భం నిర్ధారణ కాగానే పేరు రాయించండి, ఆధార్ కార్డు, దానికి కలిపిన ఫోన్ వెంట తీసుకెళ్లండి, వీలైనంతవరకు భోజనం అక్కడే తినండి. మూడేళ్లు దాటిన పిల్లలను పొద్దున్నే పంపితే ఆటపాటలు దొరుకుతాయి, మధ్యాహ్నానికి టీచర్ ఫోన్ పనిలో మునిగిపోతుంది. గ్రామసభ జరిగినప్పుడు సొంత భవనం, నీటి వసతి గురించి తల్లులే లేచి అడిగితే టీచర్ ఒంటరిగా అడిగినదానికంటే ఎక్కువ బలం ఉంటుంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లేవారు బయలుదేరక ముందే టీచర్‌కు చెప్పి పేరును అక్కడి కేంద్రానికి మార్పించుకోవాలి. లేకపోతే ఆ నెల సరుకులు రెండు చోట్లా అందకుండా పోవచ్చు.