రీయూనియన్ వర్సెస్ తాహితీ: రెండూ ఫ్రాన్సే, కానీ...

మన యానాం 1954 దాకా ఫ్రెంచోళ్ల చేతిలోనే ఉండేది కదా, అందుకే నాకు ఫ్రాన్స్ మ్యాప్ అంటే కొంచెం పిచ్చి. 2016లో అక్కడ 22 రీజియన్లని (అంటే పాలనా ప్రాంతాల్ని) కలిపేసి 13 చేశారు, ఇవి కాక సముద్రాల అవతల ఇంకో 5, మొత్తం 18.

ఆ 5లో రీయూనియన్ దీవి ఒకటి, 1946 నుంచే డిపార్ట్‌మెంట్ (మన జిల్లా లాంటిది), అంటే పారిస్‌లో చట్టం పాసైతే చిన్నచిన్న మార్పులు తప్ప అక్కడా అదే నడుస్తుంది, యూరోపియన్ యూనియన్‌లో భాగం, డబ్బు కూడా యూరోనే. యూరో నోటు వెనక మ్యాప్ కింద బుల్లి డబ్బాలు ఉంటాయి చూడండి, వాటిలో ఒకటి ఈ దీవే, హిందూ మహాసముద్రంలో ఉండి యూరప్ నోటెక్కింది!

పసిఫిక్ మహాసముద్రంలో తాహితీ దీవి ఉన్న ఫ్రెంచ్ పాలినేషియా అసలు రీజియన్ లెక్కలోకే రాదు. వాళ్లకి సొంత ప్రెసిడెంట్, సొంత అసెంబ్లీ, పన్నులూ వాళ్లే వేసుకుంటారు, స్టాంపులు కూడా వేరే. యూరోపియన్ యూనియన్‌లో లేరు. డబ్బేమో పసిఫిక్ ఫ్రాంక్, 1000 ఫ్రాంకులకి 8.38 యూరోలు, రేటు ఫిక్స్‌డ్. పాస్‌పోర్ట్ మాత్రం ఫ్రెంచ్‌దే, ఫ్రాన్స్ ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో ఓటు కూడా ఉంది. మిలిటరీ, కోర్టులు, కరెన్సీ లాంటివి పారిస్ చేతిలోనే.

నన్నడిగితే మామూలు జనానికి రీయూనియన్ పద్ధతే సేఫ్, కానీ మా భాష మా భూమి అనుకునేవాళ్లకి తాహితీ పద్ధతే నచ్చుద్ది.