లక్నవరంలో రాత్రి ఉండాల్సిందే

లక్నవరం చెరువు అనగానే అందరికీ వేలాడే వంతెనే గుర్తొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఫొటోలు దిగే జనాన్ని తప్పించుకుంటూ ఆ వంతెన దాటి, బోటు టికెట్ల వరుసలో నిలబడి విసిగిపోయి వచ్చినవాళ్లు "ఏముందక్కడ?" అంటుంటారు. వాళ్లు చూసింది జనాన్ని. వారం మధ్యలో వెళ్లి ఒక రాత్రి అక్కడే ఉంటే గానీ ఆ చెరువు సంగతి అర్థం కాదు.

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా సుమారు 220 కిలోమీటర్లు. గోవిందరావుపేట మండలంలోకి వచ్చాక హైవే దిగి అడవి దారి పట్టాలి. ఇది 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టించిన చెరువు. కొండల మధ్య మూడు సందులున్న చోటు చూసి, ఆ సందులకు చిన్న చిన్న కట్టలు వేశారు. మిగతా నీళ్లను కొండలే ఆపుతున్నాయి. అందుకే నీళ్ల మధ్యలో నిలబడి చూస్తే చుట్టూ పచ్చటి కొండలే తప్ప మనుషులు కట్టినదేదీ చటుక్కున కంటపడదు. దీని కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఇంత పాత చెరువు ఇంకా పొలాలకు నీళ్లిస్తోందంటే ఆ చోటు ఎంచినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

బసకు రెండు దారులున్నాయి. దీవి మీది కాటేజీలకు వంతెన దాటి నడిచి వెళ్లాలి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే అవే నయం, కాకపోతే ముందే బుక్ చేసుకోవాలి. మా పెద్దమ్మ వంతెన మధ్యలో ఇనుప తాడు పట్టుకుని ఆగిపోయి "ఏందిరా, గిట్ల ఊగుతున్నది!" అంది గానీ, అవతలి ఒడ్డుకు చేరాక వెనక్కి రానంది.

రెండోది టెంటు. మేం కుర్రాళ్లం ఒడ్డున ఒక ప్రైవేటు క్యాంపులో దిగాం. తెల్లారేసరికి టెంటు పైగుడ్డ మంచుకు తడిసి ముద్దయింది. వాళ్లిచ్చిన పరుపు పల్చన, కింద గులకరాళ్లు ఒక్కొక్కటీ వీపుకు తెలిశాయి. టాయిలెట్ దూరంగా ఉంది, దారిలో లైటు లేదు. అన్నిటికంటే కోపం తెప్పించింది స్పీకర్లు. అంత అడవిలో, అంత నీటి పక్కన సినిమా పాటలు హోరెత్తించడం అన్యాయం. గట్టిగా అడిగితేనే ఆపారు. కాబట్టి డబ్బు కట్టే ముందే రెండు సంగతులు అడగండి: రాత్రి పాటలు పెడతారా, టాయిలెట్ దగ్గర లైటుందా? చలిమంట కూడా వాళ్లు తవ్విన గుంటలోనే వెయ్యాలి. ఎండాకులు పరుచుకున్న అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంత చెప్పినా మళ్లీ వెళ్తే టెంటే తీసుకుంటాను, తెల్లవారుజాము కోసం. పొగమంచులో ఎదుటి కొండ కనపడలేదు, తెడ్డు చప్పుడు మాత్రం వినిపించింది. కాసేపటికి చేపలు పట్టే ఇద్దరు బయటపడ్డారు. ఒకాయన వల లాగుతుంటే రెండో ఆయన చిక్కిన చేపల్ని మొప్పల దగ్గర పట్టుకుని, ఒక్క పోగు తెగకుండా విడిపిస్తున్నాడు. ముందురోజు రాత్రి మేం తిన్న వేపుడు కూడా ఈ చెరువు చేపే. కారం కాస్త ఎక్కువైనా చేప తాజాగా ఉంది. అన్నం, పప్పు మామూలే.

బోటు విషయానికొస్తే, స్పీడ్ బోటు ఎక్కామనుకునేలోపే అయిపోతుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద బోటులోనే దీవులు తీరిగ్గా కనిపిస్తాయి. లైఫ్ జాకెట్ భుజాన వేసుకుంటే చాలదు, బకిల్ పెట్టుకోండి. ఈతకు మాత్రం దిగొద్దు. ఒడ్డు దగ్గర నిలకడగా కనిపించినా ఎక్కడ లోతో మనకు తెలియదు.

వానలు వెనకబట్టాక, చెరువు నిండుగా ఉండి చలి మొదలయ్యే రోజులు మంచివి. ఎండాకాలానికి నీరు తగ్గి ఒడ్డున బురద తేలుతుంది. తిరుగు ప్రయాణంలో పాలంపేట రామప్ప గుడికి సగం రోజు ఉంచుకోండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి అది, పక్కనే రామప్ప చెరువూ ఉంది. బొగత జలపాతం కూడా కలుపుకోవాలంటే వానాకాలంలోనే వెళ్లాలి, ఎండల్లో అక్కడ ధార సన్నబడిపోతుంది. మాఘమాసంలో మేడారం జాతర ఉన్న ఏడాదైతే ఆ వారం వదిలేయండి, ములుగు రోడ్డు మీద బండి కదలదు.