జాగ్రత్త: మణికరణ్‌లో వేడినీటి స్నానానికి టికెట్ లేదు

హిమాచల్‌ప్రదేశ్‌లోని మణికరణ్ వేడినీటి ఊటలు కూడా చూపిస్తామనే కులూ-మనాలీ ప్యాకేజీ కొనేవాళ్లు డబ్బు కట్టేముందు బిల్లులో ఒక్క లైను చూసుకోండి: ‘హాట్ స్ప్రింగ్ ఎంట్రీ, ప్రైవేట్ బాత్’. దీనికి తలకింత అని విడిగా వేస్తున్నారు. అలా కట్టిన ఒక బృందాన్ని చివరికి తీసుకెళ్లింది గురుద్వారా కొలను దగ్గరికే. అక్కడ స్నానం ఉచితం, లంగర్‌లో, అంటే గురుద్వారా వంటశాలలో, భోజనమూ ఉచితమే. ఆడవాళ్లకు, మగవాళ్లకు కొలనులు ముందునుంచీ వేరుగానే ఉన్నాయి, ఏజెంటు కొత్తగా చేసిపెట్టేదేమీ లేదు. డబ్బు వెనక్కి అడిగితే ‘అది గైడు ఖర్చు’ అన్నారు. కొన్ని లాడ్జీల్లో ఊటనీళ్లను పైపుతో తెచ్చి తొట్టి కట్టిన మాట నిజమే. ప్రైవేట్ అంటే అదేనా, ఏ లాడ్జి అని వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

మనాలీ వోల్వో మణికరణ్ వెళ్లదు. భుంతర్‌లో దిగి అక్కడినుంచి దాదాపు 35 కిలోమీటర్లు లోకల్ బస్సులోనో టాక్సీలోనో పోవాలి. ఆ టాక్సీ ఎవరి ఖర్చో ముందే తేల్చుకోండి. ఇంకా పైన కొండల్లో ఖీర్‌గంగ అని మరో వేడినీటి ఊట ఉంది. ‘ఖీర్‌గంగ దాకా జీపు’ అని ఎవరైనా అంటే ఆ ప్యాకేజీ వదిలేయండి. బండి బర్షైణి ఊరి దగ్గర ఆగుతుంది, ఆపైన దాదాపు పన్నెండు కిలోమీటర్లు కొండదారిలో నడకే.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, ఒళ్లు కాలితే అలా కాదు. మణికరణ్ 1,760 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి, ఊటనీళ్లు ఇంచుమించు అంత వేడితోనే పైకొస్తాయి. బియ్యం గుడ్డలో మూటకట్టి, తాడుతో కుండంలోకి దించితే అన్నమైపోతుంది. అది వంట కుండం, స్నానానిది కాదు. తొందరలో ఉన్న గైడు ఫొటో కోసం జనాన్ని దాని అంచుకే నిలబెడతాడు. చలికాలం పొద్దున ఆవిరి కమ్మి రాయి ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో కనబడదు. పైగా రాయి తడిసి జారుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

స్నానం కొలనులో చన్నీళ్లు కలుపుతారు, కానీ వేడి ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఊట వచ్చి పడే మూల దగ్గర ఎక్కువగా ఉంటుంది. ముందు చేత్తో చూసి, తర్వాత పాదం, మోకాలు దాకా దిగి కాసేపు ఆగండి. పది నిమిషాలు చాలు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా దిగొద్దు. మద్యం తాగి అసలే దిగొద్దు, వేడికి బీపీ పడిపోయి నీళ్లలోనే కళ్లు తిరుగుతాయి. తల ముంచొద్దు. గోరువెచ్చని మంచినీటిలో బతికే ఒకరకం అమీబా ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం.

సబ్బు, షాంపూ కొలనులో వాడకండి, అందరూ దిగే నీళ్లవి. గురుద్వారాలోకి తలకు గుడ్డ కట్టుకుని, చెప్పులు బయట వదిలి వెళ్లాలి. పొగాకు జేబులో కూడా ఉండకూడదు.

ఒకవేళ కాలితే వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి, కుళాయి చన్నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, ఇంకు, ఐసు వద్దు. చల్లగా ఉంది కదా అని పక్కనే పారే పార్వతీ నదిలోకి మాత్రం దిగకండి, ఆ వడి మనిషిని నిలబడనివ్వదు.